దింపు చూడని తెల్లగుర్రం

మా అక్క కూతురు నీరజ ఫోన్ చేసి, "పిన్నీ, ట్రాక్టరు కొంటన్నాం. నీ చేయి మంచిది. నువ్వొచ్చి బొట్టు పెట్టాల" అంది. నాకు అరవై తొమ్మిదో ఏడు నడుస్తోంది. ఈ వయసులో చుట్టాల మధ్య నాకు మిగిలిన ఉద్యోగం ఇదొక్కటే. ఎవరు స్కూటరు కొన్నా, ఫ్రిజ్ కొన్నా, విజయనగరంలో ఉన్న నాకు కబురొస్తుంది. వెళ్ళి పసుపు రాసి, కుంకుమ పెట్టి, పులిహోర తిని రావాలి. అభిప్రాయం మాత్రం ఎవరూ అడగరు. అడక్కపోయినా చెప్పే గుణం నాకు మా నాన్న నుంచి వచ్చింది. చెప్పాల్సిన చోట ఆయన ఒక్కసారి నోరు మూసుకున్నాడు. ఆ ఒక్కసారి సంగతి నేను ఇన్నేళ్ళూ ఎక్కడా రాయలేదు. మా అక్క ఉండగా రాయలేకపోయాను. అక్క పోయి రెండేళ్ళయింది.

నీరజది శృంగవరపుకోట దాటాక కొండల పాదాన ఉన్న మెట్ట. నేల పైనుంచి కిందికి జారినట్టుగా ఉంటుంది. పైన బండరాళ్ళు, మధ్యలో గడ్డి, దిగువన గుర్రాల కొట్టం. ఆరు గుర్రాలు, రెండు కొండ పొట్టిగుర్రాలు ఉన్నాయి. పెళ్ళిళ్ళ రోజుల్లో ఊరేగింపులకు పంపుతుంది, సెలవుల్లో అరకు వెళ్ళే జనం పిల్లల్ని ఎక్కించి తిప్పించుకు పోతారు. ఊళ్ళో కిరాణా వ్యాపారం చూసుకునే మొగుడు ప్రసాదుకు ఈ గుర్రాల పిచ్చి అంతుపట్టదు, అయినా అడ్డుచెప్పడు. కష్టమల్లా గడ్డితోనే. వానలు పడ్డాయంటే నడుం ఎత్తు పెరుగుతుంది. ముదిరిన గడ్డిని గుర్రం ముట్టదు. దాని ముల్లు గింజలు మూతికీ కళ్ళకీ గుచ్చుకుని పుళ్ళు పడతాయి, లోపల పాములు చేరతాయి. అప్పటికప్పుడు కోస్తూ ఉంటేనే లేత పచ్చిక వస్తుంది. ఒకప్పుడు పక్క ఊరి ఆడవాళ్ళు కొడవళ్ళతో వచ్చి కోసేవారు. ఇప్పుడు వాళ్ళకు వేరే పనులు దొరికాయి. అందుకని చిన్న ట్రాక్టరూ, దాని వెనక తగిలించే గడ్డికోత యంత్రమూ కొని, తనే నడుపుకుంటానంటుంది నీరజ.

బొట్టు పెట్టడానికి ముందురోజే వెళ్ళాను. ఆమె ఆఫీసు గదిలో గోడమీద పెద్ద ఫొటో ఉంది. తెల్లగుర్రం మీద కోటు, తలపాగాతో ఒక పెద్దమనిషి. నీరజకు తండ్రి తరఫు తాతగారు. ఇంతకుముందు వాళ్ళ పాత ఇంట్లో, చీకటి వసారాలో ఉండేది ఆ ఫొటో. నీరజ దాన్ని శుభ్రం చేయించి, పెద్దది చేయించి పెట్టుకుంది. "మా తాత ఈ గుర్రాన్నే మీ నాన్నగారికి ఇచ్చేసారంట కదా పిన్నీ! అమ్మ చెప్పేది. ఎంత దర్జాగా ఉన్నాదో సూడు" అంది. నేను తలూపి, కాఫీ తాగాను. 

మర్నాడు విజయనగరం దారిలో ఉన్న ట్రాక్టర్ల షోరూముకు వెళ్ళాం. దాని యజమాని రమణ, ప్రసాదుకు పెదనాన్న కొడుకు. నీరజకు బావగారి వరస, నన్ను అత్తా అని పిలుస్తాడు. మంచివాడే. గుమ్మంలోనే ఎదురొచ్చి, కొబ్బరి నీళ్ళు ఇప్పించి, ఒక పెద్ద ట్రాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు. ఎర్రగా, నిగనిగలాడుతూ, వెనక చక్రాలు నా భుజం ఎత్తున ఉన్నాయి. దానికి అప్పటికే పూలదండ వేసి ఉంది. "చిన్నబండి ఏటి చేసుకుంటావమ్మా, దీని సత్తువ వేరు. గడ్డి కోత లేనప్పుడు మళ్ళు దున్నుకోడానికి కూడా పనికొస్తాది. మన ఇంటి బండి, మన ఇంటికే వెళ్తాది" అన్నాడు రమణ. ప్రసాదు నవ్వుతూ నిలబడ్డాడు. నీరజ ఆ బండి చుట్టూ ఒకసారి తిరిగి, సీటు ఎత్తు చూసి, ఏదో అడగబోయి ఆగిపోయింది. ఆ ఆగిపోవడం నాకు తెలుసు. పదేళ్ళ వయసులో సరిగ్గా అలాంటి ఆగిపోవడాన్నే మా నాన్న ముఖంలో చూశాను.

నా చేతిలో కుంకుమభరిణె ఉంది. మూత తీయకుండానే, "రమణా, దీన్ని మెట్ట మీదికి పంపించు నాయనా. వెనక కోతయంత్రం తగిలించి, పైనుంచి కిందికి దింపి చూపించాక బొట్టు పెడతాను" అన్నాను.

రమణ ముఖంలో నవ్వు అలాగే ఉంది గానీ కళ్ళలోంచి పోయింది. "అత్తా, నా మాట సాలదేటి? పరాయోళ్ళు అడుగుతారు అలాగ. మీరు కూడా పరీక్ష పెడతానంటే ఎలాగత్తా?" అన్నాడు. నీరజ నా చీరకొంగు పట్టి లాగింది. ప్రసాదు నేలచూపులు చూశాడు. ఏదో వర్జ్యం ఉందని, రేపు పెట్టుకుందామని నేనే ఒక అబద్ధం ఆడి అందర్నీ బయటికి తీసుకొచ్చాను. దారిలో ప్రసాదు తన దుకాణం దగ్గర ముఖం మాడ్చుకుని దిగిపోయాడు. కారులో నేనూ, నీరజా మిగిలాం. "బావగారు ఎంత చిన్నబుచ్చుకున్నారో సూసావా పిన్నీ? నిన్ను పిలిచింది బొట్టు పెట్టడానికా, బేరం చెడగొట్టడానికా?" అంది నీరజ. అప్పుడు చెప్పాను, వాళ్ళ తాతగారి తెల్లగుర్రం కథ.

మాది శృంగవరపుకోటలో ఉప్పూ, బట్టా వ్యాపారం. వారం వారం కొండమీద సంతకు సరుకు ఎక్కించేవాళ్ళం. అప్పటికి లోపలి ఊళ్ళకు బండిదారి లేదు. పొట్టిగుర్రాలే ఎక్కాలి, దిగాలి. ఇంటి వెనక పాకలో ఎప్పుడూ ఏడెనిమిది ఉండేవి. ఎక్కేటప్పుడు ఉప్పు బస్తాలు, దిగేటప్పుడు చింతపండు, అల్లం, పసుపు, కొండచీపుళ్ళు. మా ఇంటి వాసనే వేరుగా ఉండేది. ముందుగదిలో కొత్తబట్టల గంజి వాసన, నడవలో చింతపండు పులుపు, వెనక్కి వెళ్తే గుర్రపు చెమట. తెల్లవారకముందే మా అమ్మ పెరట్లో పొయ్యి మీద పెద్ద ఇత్తడి గుండిగలో ఉలవలు ఉడికించేది. వార్చిన కట్టు మాకు, గుగ్గిళ్ళు గుర్రాలకు. ఆ కట్టుతో కాచిన చారు లేని రోజు నాకు గుర్తులేదు. బడిలో నా పక్కన కూర్చునే పిల్ల, "మీ ఇంట్లో గుర్రాలు తిన్నాకేనా మీరు తినేది?" అని వెక్కిరిస్తే ఏడ్చుకుంటూ వచ్చాను. అమ్మ నవ్వి, "అవునమ్మా, అవి మొయ్యబట్టే మనం తింటన్నాం. అందులో సిగ్గుపడ్డానికి ఏటుంది?" అంది. తర్వాత నాకు ఇష్టమైన మీగడ వేసి ఆ చారే పోసింది.

మా నాన్న దేన్నీ చూడకుండా కొనేవాడు కాదు. చింతపండు నాలుక మీద పెట్టుకుని కళ్ళు మూసుకునేవాడు. పసుపుకొమ్ము విరిచి గోటిమీద గీసి చూసేవాడు. పెళ్ళికి పిలిచినవాళ్ళ శుభలేఖ కూడా కాగితం మందం చూసి కానీ చదివేవాడు కాదని అమ్మ ఎగతాళి చేసేది. గుర్రం కొనాలంటే ఆయనా, గుర్రాల వెంట కొండెక్కే సింహాద్రీ కలిసి 'దింపు' చూసేవారు. ఇంటి వెనక రాతి మెట్ట ఉండేది. కొత్త గుర్రం మీద రెండు బస్తాల ఉప్పు వేసి పైకి తోలుకెళ్ళేవారు. ఎక్కడం ఎవరూ పట్టించుకునేవారు కాదు. దిగేటప్పుడే అసలు పరీక్ష. సింహాద్రి తాడు వదులుగా పట్టుకుని, గుర్రానికి వీపు పెట్టి, దాని ముందు నడుస్తూ దిగేవాడు. ఒక్కసారి కూడా వెనక్కి చూసేవాడు కాదు. దాని అడుగుల చప్పుడు వినేవాడు. కిందికి వచ్చాక తలూపితే కొన్నట్టు, తాడు అమ్మినవాడి చేతికి ఇచ్చేస్తే లేనట్టు. ఎందుకు వెనక్కి చూడవని నేనోసారి అడిగాను. "ఎక్కినప్పుడు ఏ గుర్రమైనా బాగానే ఎక్కుతాది బుల్లమ్మా. దిగినప్పుడు నానే దాని ముందుంటాను కదా. వెనక్కి సూడాలనిపించిన గుర్రం నాకొద్దు" అన్నాడు.

సింహాద్రి పొట్టిగా, గట్టిగా ఉండే మనిషి. నడిచేటప్పుడు కాలి బొటనవేలు ముందు ఆనించి, తర్వాత మడమ దించేవాడు. ఇంట్లో గచ్చు మీద కూడా అలాగే నడిచేవాడు. కొండ దిగొచ్చినప్పుడల్లా నా కోసం తలగుడ్డలో నేరేడుపళ్ళో, పనసతొనలో కట్టుకొచ్చేవాడు. వాటికి గుర్రపు వాసనా, చెమట వాసనా అంటుకుని ఉండేవి, అయినా తినేదాన్ని. మా నాన్నను 'బాబూ' అనేవాడు. నాన్న ఎదురైతే ఏ పనిలో ఉన్నా లేచి నిలబడేవాడు.

ఆ ఏడు మా అక్కకు సంబంధం కుదిరింది. కుదిరింది అంటే మా ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకున్నారని అర్థం. వాళ్ళు మాకంటే ఒక మెట్టు పైన ఉన్నవాళ్ళు, మేడ ఉంది, గుర్రపు బగ్గీ ఉంది. తాంబూలాలు పుచ్చుకోవడానికి మేం వెళ్ళినప్పుడు వియ్యంకుడు మా నాన్నను పెరట్లోకి తీసుకెళ్ళి ఆ తెల్లగుర్రాన్ని చూపించాడు. "కారు కొంటున్నాను బావగారూ. ఇక దీంతో నాకు పని లేదు. మీకు గుర్రాలు కావాలి కదా, బయటివాళ్ళకి ఎందుకు, మీరే తోలుకెళ్ళండి" అన్నాడు. పాలరాయి లాంటి గుర్రం. మెడ ఎత్తి నిలబడితే నాన్న తలకంటే పైకి ఉంది. నేను నాన్న చెయ్యి పట్టుకుని గెంతులు వేశాను, ఆ సంగతి దాచను.

మాతో పాటు వచ్చిన సింహాద్రి దాని చుట్టూ ఒకసారి తిరిగాడు. కాళ్ళు వంగి చూశాడు. లేచి నాన్న దగ్గరికొచ్చి మెల్లిగా, "బాబూ, నాడాలు కొట్టిన కాళ్ళు. దారి మీద పరిగెత్తిన గుర్రం. మెట్ట మీద ఓపాలి దింపు సూద్దుమా?" అన్నాడు. నాన్న ఏదో అనబోయాడు. పెదవులు కదిలాయి. వియ్యంకుడు మూడడుగుల దూరంలో నవ్వుతూ నిలబడి ఉన్నాడు. నాన్న ఆగిపోయాడు. తర్వాత గొంతు తగ్గించి, "ఊరుకో. వియ్యాలవారి గుర్రానికి పరీక్షలేటి? ఏటనుకుంటారు?" అన్నాడు. పసుపుకొమ్ముని గోటిమీద గీయకుండా కొనని మనిషి, ఆ గుర్రం కాళ్ళయినా ముట్టుకోకుండా తోలుకొచ్చాడు. మొహమాటం అంతటి మనిషిని కూడా కట్టేసింది.

పెళ్ళయ్యాక, వానాకాలం మధ్యలో దాన్ని మొదటిసారి కొండెక్కించారు. ఎక్కడం దర్జాగా ఎక్కిందట. దిగేటప్పుడు, అల్లం బస్తాలతో, తడిసిన బండ మీద దాని ఇనపనాడాలు జారాయి. ముందు నడుస్తున్నది సింహాద్రి. ఆ రోజు ఆయన రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడని తోటివాళ్ళు తర్వాత చెప్పారు. మూడోసారి చూసే వ్యవధి లేకపోయింది. గుర్రమూ, బస్తాలూ కలిసి ఆయన మీద పడ్డాయి. డోలీ కట్టి కిందికి మోసుకొచ్చారు. మా వీధిలోకి ఆ డోలీ వస్తుంటే అమ్మ ఉలవల గుండిగ అలాగే వదిలేసి బయటికి పరిగెత్తింది. ఉలవలు మాడిన వాసన రెండు రోజులు ఇంట్లోనే ఉండిపోయింది. తుంటి ఎముక విరిగింది. విశాఖపట్నం పెద్దాసుపత్రిలో నెలల తరబడి ఉంచారు. బతికాడు. కొండ మాత్రం మళ్ళీ ఎక్కలేదు.

తిరిగొచ్చాక మా దుకాణం ముందు అరుగు మీద కూర్చుని గుర్రాలకు తాళ్ళు పేనేవాడు. కూర్చోవడం అంటే ఒక పక్కకు ఒరిగి, గోడకు ఆనుకోవడం. ఒక్క మాట కూడా ఎవరినీ అనలేదు. అంటే బాగుండేదేమో. ఒకనాడు మా అక్క మామగారు కొత్త కారులో వచ్చాడు. అరుగు దాటి లోపలికి వస్తూ, "ఎలా ఉంది బావగారూ మా తెల్లగుర్రం?" అని అడిగాడు. గుర్రం మోకాళ్ళ మీద మచ్చలతో వెనక పాకలో ఉంది. దానిమీద మళ్ళీ ఎవరూ బస్తా వేయలేదు. నాన్న గుమ్మంలో నిలబడి, "బంగారం బావగారూ" అన్నాడు. తాడు పేనుతున్న సింహాద్రి చేతులు ఆగాయి. తలెత్తలేదు. కాసేపటికి మళ్ళీ పేనసాగాడు. తలుపు చాటునుంచి నేను ఆ చేతుల్నే చూశాను.

ఆ తర్వాత ఒక సంగతి మొదలైంది. మొదట్లో నాకు అర్థం కాలేదు. నాన్న దుకాణంలోకి వెనక గుమ్మంలోంచి వెళ్ళడం మొదలుపెట్టాడు. గుర్రపు పాక మీదుగా, పేడ తొక్కుకుంటూ, వంగి పొట్టి గుమ్మంలో దూరి. ముందు గుమ్మం బార్లా తెరిచి ఉండగా ఇదేం పద్ధతని అడిగితే అమ్మ నన్ను కసిరింది. నేనే ఒకరోజు చూశాను. నాన్న అలవాటు తప్పి ముందునుంచి వచ్చాడు. అంతే, సింహాద్రి గోడ పట్టుకుని, పళ్ళు బిగించి, ఒక్కో అంగుళం లేస్తున్నాడు. "కూర్చోరా సింహాద్రీ, కూర్చో" అంటూ నాన్న అడ్డుపడుతున్నాడు. "అదేటి బాబూ, మీరొస్తే నాను కూకుంటానేటి" అంటూ ఆయన లేస్తున్నాడు. ఇద్దరి కళ్ళలోనూ నీళ్ళున్నాయి. ఆ మర్యాదను ఆయన మానలేడు, ఈయన చూడలేడు. సింహాద్రి పోయేదాకా మా నాన్న తన సొంత దుకాణంలోకి దొంగలా వెనకనుంచే వెళ్ళాడు. క్షమించమని అడిగాడో లేదో నాకు తెలీదు. అడిగి ఉండడనే అనుకుంటాను. వియ్యంకుడికి నిజం చెప్పనివాడు సింహాద్రికి ఏమని చెప్పగలడు?

నేను చెప్పడం ముగించేసరికి మెట్ట దగ్గరికి వచ్చేశాం. నీరజ కారు ఆపి, ఇంజను ఆపేసి, స్టీరింగు మీదే చేతులు ఉంచి కూర్చుంది. "అమ్మకి తెలుసా?" అని అడిగింది. తెలియదన్నాను. అత్తవారింట్లో ఆమె తలెత్తుకు తిరగాలని మా ఇంట్లో ఎవరూ చెప్పలేదు. సింహాద్రికి దెబ్బ తగిలిందని మాత్రం తెలుసు, ఏ గుర్రం వల్లనో తెలియదు.  నేను తప్పు చేశానేమోనని భయం వేసింది. చిన్నప్పటినుంచి తాతను తలుచుకుని గుర్రాలు పెంచుకుంటున్న పిల్ల. "సింహాద్రి ఫొటో ఏదైనా ఉన్నాదా పిన్నీ?" అంది చివరికి. లేదు. గుర్రానికి తీశారు గానీ సింహాద్రికి ఎవరూ ఫొటో తీయలేదు. 

అక్కడే, కారులోనే, నీరజ ఫోన్ తీసి రమణకు చేసింది. "బావగారూ, పిన్ని కాదు, నేనే అడుగుతన్నాను. నడిపేది నేను కదా. ఒక్కసారి బండిని మెట్ట మీదికి పంపించండి. దింపు సూడకుండా నేను తీసుకోలేను" అంది.  అవతలనుంచి రమణ ఏమన్నాడో వినబడలేదు. చాలాసేపు అన్నాడు. నీరజ ప్రతిదానికీ "అవును బావగారూ, అయినా పంపించండి" అంటూనే ఉంది.

రెండు రోజుల తర్వాత బండి వచ్చింది. దండ తీసేశారు. షోరూములో ఎన్నో ఏళ్ళనుంచి పనిచేస్తున్న డ్రైవరు పైడిరాజు నడుపుకొచ్చాడు. రమణ వేరే కారులో వచ్చి, దూరంగా జీడిచెట్టు కింద నిలబడ్డాడు. దిగువన మనుషుల్నీ, గుర్రాల్నీ అన్నిటినీ తప్పించేశాం. ట్రాక్టరుకు ముందు నడిచి చప్పుడు వినే సింహాద్రి అక్కర్లేదు, ఆ మాత్రం లోకం బాగుపడింది. వెనక కోతయంత్రం తగిలించి పైకి ఎక్కిస్తుంటే సగం దూరంలో ముందు చక్రాలు తేలికై నేలను వదిలి లేచాయి. పైడిరాజు చప్పున ఆపి, మెల్లిగా వెనక్కి దించాడు. చుట్టుదారిలో పైకి వెళ్ళి అక్కణ్ణించి దింపడం మొదలుపెట్టాడు. వెనకున్న యంత్రం బరువు బండిని తోస్తోంది. బ్రేకు వేస్తే వెనక చక్రాలు బిగుసుకుపోయి, గడ్డి మీద బండి మొత్తం జారింది. తిరగలేదు, ఆగలేదు. కింద మట్టిగట్టుకు గుద్దుకుని నిలబడింది. పైడిరాజుకు ఏమీ కాలేదు. దిగి, చేతులు పైగుడ్డకు తుడుచుకుని, తిన్నగా తన యజమాని దగ్గరికే నడిచాడు.

"బావూ, ఇది మడికి మంచి బండి. ఈ మెట్టకి కాదు. దీని మీద ఆడకూతుర్ని ఎక్కించీకండి" అన్నాడు.

రమణ కారెక్కి వెళ్ళిపోయాడు. బండి ఈ మెట్టకు పనికిరాదన్నందుకు కాదు, తనను నలుగురిలో నిలబెట్టినందుకు అతని కోపం. అతని దగ్గర మెట్టకు పనికొచ్చే చిన్నబండి లేదు. వేరే చోట కొనాల్సి వచ్చింది. అది రెండో అవమానం. ప్రసాదు నాతో వారం రోజులు సరిగ్గా మాట్లాడలేదు. "మీకేటి అత్తా, బొట్టు పెట్టి వెళ్ళిపోతారు. రేపు పెదనాన్న ఇంటి గడప ఎక్కాల్సింది మేం" అన్నాడు. నిజమే.  మా నాన్న భయపడింది కూడా సరిగ్గా ఇందుకే కదా అనుకున్నాను. ఆయన్ని ఇన్నాళ్ళూ పిరికివాడనుకున్నాను. ఆయన ముందు ఒక కూతురి కాపురం ఉంది. నా ముందు ఒక చుట్టరికం మాత్రమే ఉంది. ఆయనకంటే నాకు చాలా తేలిక.

కొన్నది పొట్టి బండి. నాలుగు చక్రాలూ లాగుతాయి. చక్రాలు ఎడంగా, నేలకు దగ్గరగా ఉన్నాయి. బరువు కోసం టైర్లలో నీళ్ళు నింపించారు, ముందు భాగాన ఇనపబరువులు వేశారు, బండి తిరగబడినా మనిషి నలగకుండా సీటు వెనక ఇనపకమాను ఉంది, నడుముకు పట్టీ ఉంది. కోతయంత్రం చిన్నది, చక్రాల వెడల్పుకు సరిపడేంతే. చూడ్డానికి ఏ దర్జా లేదు. మా పాత కొండగుర్రాలు కూడా అలాగే ఉండేవి, ఎవరూ ఫొటో తీయించుకోవాలనుకునే రకం కాదు. నీరజ మెట్టకు అడ్డంగా పోకుండా నిలువునా ఎక్కి, నిలువునా దిగింది. కొట్టం పక్కన రాయి మీద కూర్చుని నేను కళ్ళు మూసుకున్నాను. ఇంజను చప్పుడు ఎక్కడా తొట్రుపడలేదు, ఒక్కలాగే దగ్గరకు వచ్చింది. కోసిన గడ్డి వాసన వేసింది. నాలుగోసారి దిగాక కళ్ళు తెరిచి, లేచి వెళ్ళి బొట్టు పెట్టాను. నీరజ నా చెయ్యి పట్టుకుని, "నీ చేయి మంచిదే గానీ పిన్నీ, నోరే కాస్త ఇబ్బంది" అంది. ఇద్దరం నవ్వుకున్నాం.

తాతగారి ఫొటో నీరజ తీసేయలేదు. నేనూ తీసెయ్యమనలేదు. ఆయనకు మాత్రం ఏం తెలుసు, తన గుర్రం సంగతి ఎవరూ ఆయనకు చెప్పలేదు. చెప్పి ఉంటే ఆయనే సిగ్గుపడి, సింహాద్రి ముందుకొచ్చి నిలబడేవాడేమో. మా మొహమాటం ఆయనకు ఆ అవకాశం కూడా లేకుండా చేసింది.

మొన్న నరసన్నపేటలో చుట్టాలింట పెళ్ళికి వెళ్ళాం. కల్యాణమండపంలో భోజనాలు మేడమీద. నేను మెట్లెక్కలేక కింద కుర్చీలోనే కూర్చున్నాను. గుమ్మంలోంచి రమణ వస్తూ నన్ను చూశాడు. ఒక్క క్షణం ఆగి, చెప్పులు సరిచేసుకుంటున్నట్టు వంగి, వెనక్కి తిరిగి పక్కగుమ్మంలోంచి లోపలికి వెళ్ళాడు. మనసు చివుక్కుమంది. పిలుద్దామని నోటిదాకా వచ్చింది. పోనీలే, ఒకనాటికి వస్తాడనుకున్నాను. అంతలో మేడమెట్ల మీద చకచకా అడుగుల చప్పుడు వినబడింది. అటు తిరిగి చూడకుండానే ఎవరో తెలిసింది. నాకొకటీ, తనకొకటీ, రెండు చేతుల్లో రెండు పళ్ళేలు పట్టుకుని, నీరజ దిగి వస్తోంది.